టెక్సస్ గన్ లైసెన్స్‌తో న్యూజెర్సీ దాకా కారులో వెళ్లొచ్చా?

అందరికీ నమస్కారం. మేం డాలస్‌లో ఉంటాం. నాకు అమెరికా పౌరసత్వం, టెక్సస్ హ్యాండ్‌గన్ లైసెన్స్ రెండూ ఉన్నాయి. థాంక్స్‌గివింగ్‌కి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బావగారింటికి కారులో బయల్దేరుతున్నాం. దారిలో ఆర్కన్సా, టెనెసీ, వర్జీనియా మా లైసెన్స్‌ను గుర్తిస్తాయి. ఐ-81 హైవే మీద మేరీలాండ్ పట్టుమని పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ అక్కడ చెల్లదు. న్యూజెర్సీ అయితే ఏ రాష్ట్రం లైసెన్స్‌నూ ఒప్పుకోదు.

1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం తూటాలు తీసేసి, తుపాకీని, తూటాలను చేతికందకుండా డిక్కీలో తాళం వేసి పెడితే రాష్ట్రాలు దాటొచ్చు. మేరీలాండ్‌కి అది చాలు. నా టెన్షనంతా ఎడిసన్ గురించే. బయల్దేరిన చోటా, చేరే చోటా తుపాకీ ఉంచుకోవడం, వెంట తీసుకెళ్లడం చట్టబద్ధమైతేనే ఆ రక్షణ ఉంటుంది. మరి చేరేదే న్యూజెర్సీ అయితే? పైగా అక్కడ హాలో పాయింట్ (తగలగానే విచ్చుకునే) తూటాల మీద ఆంక్షలు, మ్యాగజైన్‌లో 10 తూటాలకి మించకూడదన్న రూలు.

"ఇంట్లో వదిలేసి రావచ్చుగా" అంటోంది మా ఆవిడ. ఆమె మాటే నెగ్గేలా ఉంది.

ఇలా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? న్యూజెర్సీకి ముందొచ్చే పెన్సిల్వేనియాలోనే ఏదైనా గన్ షాపులో నాలుగు రోజులు దాచిపెట్టుకోనిస్తారా? ఈ కేసులు చూసే లాయర్ని ఎలా వెతుక్కోవాలో చెప్పినా చాలు.