సెషన్‌లో ఎదుటి మనిషి తప్పు దారిలో వెళ్తుంటే చెప్పాలా, చూస్తూ కూర్చోవాలా?

ఫీల్డ్_డైరీ:

ప్రభుత్వ సేవల ఆన్‌లైన్ ఫారాల మీద యూజర్ రీసెర్చ్ చేస్తుంటాను, అంటే జనం వాటిని ఎలా నింపుతున్నారో, ఎక్కడ ఇరుక్కుంటున్నారో ఎదురుగా కూర్చుని చూస్తాను. నాలుగేళ్లయింది. మొన్నటి ఒక సెషన్ గురించి మా టీమ్‌లో రెండు రోజులుగా వాదన నడుస్తోంది, తెగడం లేదు. ఇదే పనిలో ఉన్నవాళ్లు, ఇలాంటి సేవలు వాడేవాళ్లు ఏమంటారో వినాలని ఇక్కడ పెడుతున్నాను.

భర్త పోయాక ఆయన పెన్షన్ భార్య పేరుకు మార్చుకునే దరఖాస్తు అది. ఇంకా జనంలోకి వెళ్లలేదు, నమూనా మాత్రమే. అరవై దాటిన ఒకావిడ వచ్చారు. ఫారం నింపుతూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమని అడిగాం. నా పని వినడం, మధ్యలో కల్పించుకోకపోవడం.

మొదటి మూడు ప్రశ్నలు చకచకా అయిపోయాయి. నాలుగోది "మీ వైవాహిక స్థితి". కింద నాలుగు గడులు: అవివాహిత, వివాహిత, వితంతువు, విడాకులు పొందినవారు. ఆవిడ వేలు "వితంతువు" దాకా వెళ్లి తెరను తాకకుండానే ఆగిపోయింది. అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న మనిషి ఒక్క మాట అనలేదు. వేలు పైకి జరిగి "వివాహిత" నొక్కింది. తర్వాతి పేజీలో ఒకే వాక్యం: "మీరిచ్చిన వివరాల ప్రకారం ఈ పెన్షన్‌కు మీకు అర్హత లేదు." అది రెండుసార్లు చదివి, "సరేలేమ్మా" అని, తెచ్చుకున్న కాగితాలు ఒక్కొక్కటీ సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టారు.

నేను ఆగలేకపోయాను. "అమ్మా, మీకు రాదని కాదు. ఆ ప్రశ్న అడిగిన తీరు బాగాలేదు. వెనక్కి వెళ్లి ఈ గడి నొక్కి చూడండి" అని చెప్పేశాను. వీడియోలో చూస్తున్న మా సీనియర్ సెషన్ అయ్యాక అన్న మాట: "నువ్వు నోరు తెరిచిన దగ్గర్నుంచి మనకు దొరికింది ఆవిడ ప్రవర్తన కాదు, నీ ప్రవర్తన." ఈ సెషన్‌ను లెక్కలోంచి తీసేయమంటున్నారు.

నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. మీరేమంటారు?

పాత_మోడరేటర్:

అమ్మాయ్, మీ సీనియర్ మాటే నిజం. నొప్పించాలని కాదు, చాలా ఏళ్లు ఈ కుర్చీలో కూర్చుని చెబుతున్నాను.

ఆవిడ కాగితాలు సర్దుకుంటున్న ఆ అర నిమిషమే మీ సెషన్ మొత్తంలో అసలైన సరుకు. అక్కడ ఓపిక పట్టి "ఇదే మీ ఇంట్లో జరిగుంటే తర్వాత ఏం చేసేవారు?" అని అడిగి ఊరుకోవాల్సింది. కొడుకును అడుగుతానంటారా, ఆఫీసుకు వెళ్తానంటారా, వదిలేస్తానంటారా? ఆ జవాబు మనకు ఇక దొరకదు. మీరు దారి చూపించేశారు.

మన సెషన్లు వందల్లో ఉండవు. ఇలాంటి పరీక్షల మీద పరిశోధన చేసిన జేకబ్ నీల్సన్, టామ్ లాండావర్ 1993లో వేసిన లెక్క మీకు తెలిసే ఉంటుంది: ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలు బయటపెడితే, ఐదుగురితో సుమారు 85 శాతం బయటపడతాయి. ఆ లెక్కను నమ్ముకునే మనం ఐదారుగురితో సరిపెడుతున్నాం. అందులో ఒకరిని పోగొట్టుకుంటే ఐదో వంతు పోయినట్టే. ఆ పేజీ అలాగే జనంలోకి వెళ్తే అక్కడ ఇరుక్కునే వేలమందికి "వెనక్కి వెళ్లండమ్మా" అని చెప్పడానికి పక్కన ఎవరుంటారు?

సాయం చేయొద్దనడం లేదు. సెషన్ అయ్యాక చేయండి. రికార్డింగ్ ఆపేసి, పక్కన కూర్చుని, అన్నీ విప్పి చెప్పండి. నేనెప్పుడూ అలాగే చేశాను.

హక్కుల_వైపు:

పాత_మోడరేటర్ గారూ, "సెషన్ అయ్యాక" అన్న మాట దగ్గరే నాకు పేచీ. సెషన్ మధ్యలోనే లేచి వెళ్లిపోయే హక్కు ఆవిడకు ఉందని మనమే సంతకం పెట్టించుకున్నాం. ఆవిడ సంచి భుజానికి వేసుకుని వెళ్లిపోయుంటే? "నాకు పెన్షన్ రాదని కంప్యూటరే చెప్పింది" అన్న నమ్మకంతో ఇంటికి చేరేవారు. నమూనాకూ అసలుదానికీ తేడా మనకు తెలుసు. ఆవిడకు తెలుసా? ఎదురుగా కూర్చున్నది ప్రభుత్వం తరఫు మనిషి. తెర మీద ఉన్నది ప్రభుత్వ ముద్ర. "ఇది పరీక్ష మాత్రమే" అని మొదట్లో చెప్పిన వాక్యం ఇరవై నిమిషాల తర్వాత ఎంతమందికి గుర్తుంటుంది?

వైద్య పరిశోధనల్లో ఈ చేదు అనుభవం చాలా పెద్దది. అమెరికా ప్రజారోగ్య సేవ 1932లో టస్కీగీలో 600 మంది నల్లజాతి పురుషుల మీద పరిశీలన మొదలుపెట్టింది. వారిలో 399 మందికి సిఫిలిస్ ఉంది. వైద్యం అందుతోందని వాళ్లు నమ్మారు. 1940లలో పెన్సిలిన్ మందుగా స్థిరపడ్డాక కూడా ఇవ్వలేదు, రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. 1972లో పత్రికలకెక్కాకే అది ఆగింది. ఆ గాయంలోంచే 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చింది. మనుషుల పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అని మూడు సూత్రాలు పెట్టింది. మన సమ్మతి పత్రాల మూలాలు అక్కడే ఉన్నాయి.

చూస్తూ కూర్చోవడం కూడా ఒక పని చేయడమే. ప్రభుత్వం తరఫున చూస్తున్నప్పుడు మరీను.

పాత_మోడరేటర్:

టస్కీగీతో పోల్చడం నాకు బాధ కలిగించింది. అక్కడ నిజం దాచిపెట్టారు, మందు ఇవ్వకుండా ఆపారు, మనుషులు చనిపోయారు. ఇక్కడ నేను అడుగుతున్నది ఐదు నిమిషాల ఓపిక, ఆ తర్వాత పూర్తి వివరణ. రెంటినీ ఒక గాటన కట్టకండి.

మధ్యలో లేచి వెళ్లిపోతే ఏం చేయాలన్న మీ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. నా దగ్గర దానికి మంచి జవాబు లేదు. తలుపు దాకా వెంట వెళ్లి చెప్పేవాణ్ని అనుకుంటున్నాను.

కౌంటర్_4:

నేను రీసెర్చర్‌ని కాదు. పదకొండేళ్లుగా దరఖాస్తులు తీసుకునే కౌంటర్లో ఉన్నాను. ఈ చర్చ ఎవరో పంపితే చదివాను.

మేం రోజంతా చేసేది ఫీల్డ్_డైరీ గారు చేసిన పనే. ఫలానా గడిలో ఇది రాయండి, ఆ ప్రశ్నకు అలా చెప్పకండి, తిరగ్గొడుతుంది. ఇలా చెప్పి పంపిస్తాం. వచ్చినవాళ్లు దండం పెట్టి వెళ్తారు. మాకూ తృప్తిగానే ఉంటుంది. కానీ నా బాధ వేరు. మేం చెప్పి నింపించినందువల్ల పైవాళ్లకు ఆ ఫారం బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. తిరస్కరణలు తక్కువ, ఫిర్యాదులు తక్కువ. నేను చేరిన రోజున ఏ ప్రశ్న జనాన్ని తికమక పెట్టిందో అదే ప్రశ్న ఈ రోజుకీ ఉంది. మా సాయమే దాని ఆయుష్షు పెంచింది.

అలాగని మేం నోరు విప్పినా వింటారన్న నమ్మకం లేదు. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అనే పథకం కింద కంప్యూటర్ లెక్క చూసి, జనానికి లేని బాకీలు అంటగట్టారు. అది తప్పని కింది ఉద్యోగులు చెబుతూనే ఉన్నా పైవాళ్లు పట్టించుకోలేదని 2023లో అక్కడి రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం నివేదికలో తేలింది. అది చదివినప్పుడు నా సొంత కథ చదివినట్టుంది.

అందుకే ఫీల్డ్_డైరీ గారూ, ఆవిడకు చెప్పినందుకు మిమ్మల్ని తప్పు పట్టను. నేనైనా అదే చేసేవాణ్ని. కానీ చెప్పిన సంగతి నివేదికలో పెద్దక్షరాల్లో రాయండి. మేం ఎక్కడా రాయకపోవడం వల్లే ఇంత జరిగింది.

లెక్కల_మనిషి:

కౌంటర్_4 గారు చెప్పిన దానికి మన రంగంలో పాత పద్ధతే ఒకటుంది. ఇలాంటి వినియోగ పరీక్షల నివేదిక ఎలా రాయాలో చెప్పే ఐఎస్ఓ/ఐఈసీ 25062 అనే అంతర్జాతీయ ప్రమాణం 2006లో వచ్చింది. పరీక్ష నడిపేవారు సాయం చేసి ఉంటే, సాయంతో పూర్తయినవి వేరు, సాయం లేకుండా పూర్తయినవి వేరు అని విడివిడిగా చూపించాలని అందులో ఉంది. అంటే సాయం జరుగుతుందని ముందే ఊహించి, దానికొక గడి పెట్టారు.

కాబట్టి సెషన్ మొత్తం తీసేయాలన్న మీ సీనియర్ మాట నాకు అర్థం కాలేదు. నాలుగో ప్రశ్న దాకా ఉన్నదంతా చెడిపోని సమాచారమే. ఆ తర్వాతది "సాయంతో" అని రాయండి. సాయం లేకుండా పూర్తయిందా అంటే "లేదు". అసలు తీసేయడమే పెద్ద తప్పు. తీసేస్తే ఆ ప్రశ్న దగ్గర ఒక మనిషి పడిపోయిందన్న సంగతి కూడా లెక్కలోంచి పోతుంది.

ఫీల్డ్_డైరీ:

అందరికీ చాలా థాంక్స్. ఒక్కో పోస్టూ రెండేసి సార్లు చదివాను.

మొదటి పోస్టులో ఒక విషయం రాయలేదు. రాస్తే నా వైపు తూకం మొగ్గుతుందని కావాలనే ఆపాను. ఇప్పుడు చెబుతున్నాను.

వెనక్కి వెళ్లమని చెప్పాక ఆవిడ వెంటనే నొక్కలేదు. నా వైపు తిరిగి, "అయితే అప్పుడు కూడా నాకు వచ్చేదేనా?" అన్నారు. అప్పుడంటే ఎప్పుడని అడిగాను. ఆయన పోయిన కొత్తలో, ఇప్పుడు నడుస్తున్న పాత ఫారంలో ఇదే ప్రశ్నకు ఇదే గడి నొక్కారట. ఇదే జవాబు వచ్చిందట. ఏడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు, ఎక్కడికీ వెళ్లలేదు. ఆ గడి ఎందుకు నొక్కారని అడిగితే చాలాసేపు తెరనే చూస్తూ ఉండి, "ఆ మాట నా చేత్తో నేనే పెట్టుకోవాలా అమ్మా" అన్నారు.

పాత_మోడరేటర్ గారూ, మీరు అడగమన్న ప్రశ్నకు జవాబు అదే. వదిలేస్తారు. ఏడు నెలల క్రితమే వదిలేశారు. నేను నోరు మూసుకుని ఉంటే అది వచ్చేదో లేదో తెలియదు, వచ్చేది కాదని మాత్రం చెప్పలేను. కానీ వచ్చింది నేను తెరకు ఇవతలి మనిషిగా మాట్లాడిన తర్వాతే.

పాత_మోడరేటర్:

చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

సెషన్ తీసేయాలన్న మాట తప్పు. ఆ విషయంలో లెక్కల_మనిషి గారితో ఏకీభవిస్తున్నాను. కానీ ఒకటి మాత్రం వదులుకోను. ఈసారి మీరు మాట్లాడటం వల్ల మంచి జరిగింది, ఆ ధీమాతో ప్రతిసారీ మాట్లాడటం అలవాటైతే ప్రమాదం. కొత్తగా చేరినవాళ్లు ఎదుటివాళ్లు కాస్త తడబడగానే అందించేయడం నేను చాలాసార్లు చూశాను. చివర్లో ఫారం బాగుందని నివేదిక వస్తుంది. తడబాటు వేరు, ఆశ వదులుకోవడం వేరు. మొదటిదానికి ఆగాలి. రెండోది కనిపిస్తే మాట్లాడొచ్చని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ రెండింటికీ తేడా ప్రశ్నల పత్రంలోనే ముందుగా రాసుకోండి, ఆ క్షణంలో తేల్చుకోవడం కష్టం.

హక్కుల_వైపు:

దానికి నేనూ సరే అంటాను. టస్కీగీ మాట తెచ్చింది మిమ్మల్ని అనడానికి కాదండి, క్షమించండి.

ఒకటి అడగాలి. ఆవిడ పాత దరఖాస్తు సంగతి ఏమైంది? ఆ ఏడు నెలల డబ్బు?

కౌంటర్_4:

నాదీ అదే ప్రశ్న. ఇంకొకటి. భర్త మరణ ధ్రువపత్రం ఎలాగూ జతచేయమంటారు కదా? అది చేతిలో ఉండగా మీరు వితంతువా అని మళ్లీ అడగడం ఎందుకు? యూరప్‌లో 2018 నాటి ఒక నిబంధనలో, ప్రభుత్వం దగ్గర ఉన్న సమాచారాన్ని పౌరుణ్ని మళ్లీ అడగకూడదన్న సూత్రం పెట్టుకున్నారు. ఆ ప్రశ్నే తీసేయొచ్చేమో చూడండి.

ఫీల్డ్_డైరీ:

ఆ ప్రశ్న రాసిన అబ్బాయి ఆ రోజు వీడియోలో సెషన్ చూస్తున్నాడు. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ టీమ్‌లలో ప్రతి ఒక్కరూ ఆరు వారాలకు కనీసం రెండు గంటలు యూజర్లను స్వయంగా చూడాలని ఒక పద్ధతి ఉంది. దాన్ని చూసి మేమూ పెట్టుకున్నాం. సీనియర్, నేను వాదించుకుంటుంటే అతను ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న వచ్చి ఆ ప్రశ్న లేని నమూనా చూపించాడు. మరణ తేదీ, ధ్రువపత్రం నంబరు అడుగుతుంది, అంతే. మళ్లీ పెళ్లి చేసుకున్నారా అన్నది నిబంధనల ప్రకారం తెలియాలి కాబట్టి ఆ ఒక్కటీ చివర్లో విడిగా పెట్టాడు. గురువారం రౌండ్‌లో దాన్ని పరీక్షిస్తున్నాం.

ఆవిడ పాత దరఖాస్తు గురించి: రీసెర్చ్‌లో విన్నది, ఆవిడ పేరుతో సహా, ఆవిడను అడగకుండా ఇంకో విభాగానికి చేర్చే అధికారం నాకు లేదు. అందుకే ఫోన్ చేసి అడిగాను. సరేనన్నారు. సంబంధిత ఆఫీసులో ఎవరిని కలవాలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో రాసి పంపాను. వెనకటి నెలలవి కూడా ఇస్తారో లేదో ఇంకా తేలలేదు. సోమవారం వెళ్తున్నారు.