ఎవరూ పట్టించుకోని ఆల్బమ్, క్రమం తప్పని సాధన

ప్రశ్న:
జాంబీస్ అనే బ్రిటిష్ రాక్ బృందం 1967లో రికార్డు చేయగా 1968 ఏప్రిల్‌లో విడుదలైన 'ఒడెస్సీ అండ్ ఒరాకిల్' ఆల్బమ్‌ను ఈ మధ్య పదే పదే వింటున్నాను. 12 పాటలలో తీసివేయదగినది ఒక్కటీ లేదు. అయినా అది బయటికి వచ్చేసరికే బృందం విడిపోయింది, ఇంగ్లండులో దానిని పట్టించుకున్నవారూ తక్కువే. నేను కూడా పాటలు రాసి, బాణీలు కట్టి, ఇంట్లోనే రికార్డు చేస్తుంటాను. కొన్నాళ్లు ఉత్సాహంగా సాగిన పని, విన్నవారు ఏమీ అనకపోయేసరికి నెలల తరబడి ఆగిపోతుంది. అంత మంచి ఆల్బమ్‌కే ఆ గతి పట్టినప్పుడు, ఈ పనిని క్రమం తప్పకుండా కొనసాగించడం ఎలా?

మొదటి జవాబు:
ఆ ఆల్బమ్‌కు పట్టిన గతి కన్నా అది తయారైన తీరును చూడమని నా మనవి. రికార్డుల సంస్థ సీబీఎస్ ఇచ్చినది సుమారు 1000 పౌండ్లే కావడంతో, స్టూడియోలో కాలం వృథా కాకూడదని బృందం వారు పాటలను ముందే బాగా సాధన చేసుకుని వెళ్లేవారు. తరువాత స్టీరియో మిక్స్ (రెండు స్పీకర్లలో వేర్వేరుగా వినిపించేలా కూర్చిన రూపం) కూడా కావాలని సంస్థ అడిగితే, పాటలు రాసిన రాడ్ ఆర్జెంట్, క్రిస్ వైట్ సొంత డబ్బు పెట్టారు. మీరు కూడా రాయడానికి ఒక వేళను, రికార్డింగుకు వేరొక వేళను కేటాయించుకోండి. రెండూ ఒకే పూట మొదలుపెడితే, పల్లవి తేలకముందే మైకు సర్దుకుంటూ పొద్దుపుచ్చుతాము.

రెండవ జవాబు:
సాధన విషయంలో పై మాటతో ఏకీభవిస్తాను. అయితే ఆ కథను ఓపికకు దక్కిన ఫలితంగా చెప్పుకోకూడదు. అమెరికన్ సంగీతకారుడు, నిర్మాత ఆల్ కూపర్ పట్టుబట్టడం వల్లనే అమెరికాలో ఆ ఆల్బమ్ వెలువడింది; అందులోని 'టైమ్ ఆఫ్ ద సీజన్' 1969లో అమెరికాలో పాటల ఆదరణను లెక్కించే బిల్‌బోర్డు పట్టికలో 3వ స్థానానికి చేరింది. అది కేవలం అదృష్టమే. బృందం విడిపోయాక గాయకుడు కోలిన్ బ్లన్‌స్టోన్ ఒక బీమా కార్యాలయంలో ఉద్యోగానికి చేరాడు, ఆర్జెంట్ వేరే బృందాన్ని కట్టుకున్నాడు. నాకు నచ్చిన సంగతి మరొకటి: 1971లో బ్లన్‌స్టోన్ సొంతంగా చేసిన 'వన్ ఇయర్' ఆల్బమ్‌కు నిర్మాతలు ఆ ఆర్జెంట్, వైట్‌లే. బృందం పోయినా కలిసి పనిచేసే ముగ్గురు మిగిలారు. ఎందరు విన్నారన్న లెక్క మాని, సగం పూర్తయిన పాటనైనా నిస్సంకోచంగా వినిపించగల ఒకరిద్దరిని వెతుక్కోండి. వారు అడుగుతారన్న భయమే పని చేయిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అటువంటి మిత్రుడు ఒకరున్నారు. కానీ చరణం కుదరక ఆగిపోయిన పాటలను ఏమి చేయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
కుదిరినంతవరకు గొంతుతో, ఒక్క వాద్యంతో రికార్డు చేసి, తేదీ వేసి, ఆ మిత్రునికి పంపి, తరువాతి పాటకు వెళ్లండి. చరణం కోసం వారాల తరబడి కూర్చోవద్దు. ఒక పాటలో ఇమడని బాణీ మరొక పాటలో కుదరడం తరచుగా జరిగేదే.