ఇద్దరు పిల్లలు, ఒక ఆపరేషన్: మన పేదరికం నిజంగా దీనివల్లే తగ్గిందా?

మల్లెపందిరి:
మా అక్కకి పదిహేడేళ్ళకి పెళ్ళి. ఇరవై రెండు నిండేసరికి ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతో పాటే కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్. ముప్పై మూడేళ్ళప్పుడు తెల్లబట్ట, నడుం నొప్పి అని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, "పిల్లలు చాలనుకున్నారుగా, ఇంక గర్భసంచితో పనేముంది" అని తీసేశారు. అండాశయాలు కూడా తీసేశారని తర్వాత కాగితాలు చదివితే తెలిసింది. ముప్పై అయిదుకే ముట్లుడిగిన మనిషిలా అయిపోయింది. ఆ ఆపరేషన్ అప్పు తీర్చడానికి మూడేళ్ళు పట్టింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కుటుంబ నియంత్రణలో ఆంధ్రా దేశానికే దారి చూపించిందని, చిన్న కుటుంబాల వల్లే పేదరికం తగ్గిందని తరచూ వింటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దగ్గర సగటున ఒక స్త్రీకి 1.7 మంది పిల్లలు. కానీ అదే సర్వేలో, పెళ్ళయిన ఆడవాళ్ళు పదిమందిలో దాదాపు ఏడుగురికి ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3 శాతం ఉంటే మన దగ్గర దాదాపు 9 శాతం. దీన్ని ఆరోగ్యం అనాలా? పేదరికం తగ్గడం అనాలా?

పాలమూరు బిడ్డ:
అక్కా, మీ అక్క సంగతి చదివి బాధేసింది. కానీ మీ మాటతో నేను ఒప్పుకోను. మా నాయనమ్మకి తొమ్మిది కాన్పులు, బతికింది అయిదుగురు. పదో కాన్పులో ఆమె కూడా పోయింది. మా అమ్మ ఇద్దరితో ఆపరేషన్ చేయించుకుంది కాబట్టే నేను ఇంజినీరింగ్ దాకా వచ్చాను, మా చెల్లి నర్సింగ్ చేసింది. ఇద్దరం కాక ఆరుగురం ఉంటే, వలస వెళ్ళే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని అందరం ముంబై బస్సెక్కేవాళ్ళం. ఆ ఆపరేషన్‌ని తక్కువ చేసి మాట్లాడితే మా అమ్మ తెగువని తక్కువ చేసినట్టే.

మల్లెపందిరి:
మీ అమ్మగారి తెగువకి దండం. ఇద్దరు చాలన్నది ఆవిడ నిర్ణయం, దాని మీద నాకు పేచీ లేదు. ఇద్దరు చాలనుకున్న మనిషికి ఇంకో దారి ఎవరైనా చూపించారా అన్నదే నా ప్రశ్న. గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టి, కావాలన్నప్పుడు తీసేసే కాపర్-టి అనే మాట కూడా మా అక్కకి ఎవరూ చెప్పలేదు.

రిటైర్డ్ ఏఎన్ఎం:
ముప్పై ఒక్క ఏళ్ళు సబ్‌సెంటర్లలో చేశాను. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఇన్ని ఆపరేషన్లు చేయించాలన్న టార్గెట్లు తీసేశామని 1996లో కాగితం వచ్చింది. అయినా నెలాఖరు మీటింగులో "ఎన్ని కేసులు తెచ్చావు" అనే అడిగేవాళ్ళు. కేసు తక్కువైతే అందరి ముందూ నిలబెట్టేవాళ్ళు. ఆ టెన్షన్‌లో నేను కూడా కొందరికి మిగతా పద్ధతులు విడమరచి చెప్పలేదు. అది నా తప్పే.

కానీ చాలామంది వాళ్ళంతట వాళ్ళే వచ్చేవారమ్మా. మొగుడు నిరోధ్ వాడడు. మాత్ర రోజూ గుర్తుండదు, అత్త చూస్తే గొడవ. కాపర్-టి కడుపులోకి ఎక్కిపోతుందని భయం. ఆపరేషన్ అంటే ఒక్కసారితో పోతుంది, కూలి రోజులు తక్కువ పోతాయి. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. వేసెక్టమీ, అంటే మగవాళ్ళ ఆపరేషన్ మాటెత్తితే మాత్రం ఆ ఆడవాళ్ళే "వద్దమ్మా, ఆయన బరువులు మోయాలి" అనేవారు. నెల తిరక్కుండా తామే బస్తాలెత్తేవారు.

చదువరి:
మనం వాదిస్తున్న విషయమే ప్రపంచ స్థాయిలోనూ నడిచింది. 1974లో బుకారెస్ట్‌లో జరిగిన ప్రపంచ జనాభా సదస్సులో మన దేశ ప్రతినిధి కరణ్ సింగ్, అభివృద్ధే అన్నిటికన్నా మంచి గర్భనిరోధకం అన్నారు. 1994లో కైరోలో జరిగిన అలాంటి సదస్సులోనే 179 దేశాలు, జనాభా సంఖ్యలు కాదు, స్త్రీ ఆరోగ్యం, ఆమె ఇష్టం ముఖ్యమని ఒప్పుకున్నాయి. అయినా 2000లో ఐక్యరాజ్యసమితి పేదరికం మీద సహస్రాబ్ది లక్ష్యాలు రాసినప్పుడు పునరుత్పత్తి ఆరోగ్యానికి అందులో చోటు దొరకలేదు. 2007లో గానీ చేర్చలేదు. 2015 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో మాత్రం మొదటినుంచీ ఉంది.

అసలు చిక్కు కొలతలో ఉంది. పిల్లలు వద్దనుకున్నవాళ్ళలో ఎంతమందికి ఆధునిక పద్ధతి అందింది అన్నదే అక్కడి ముఖ్యమైన లెక్క. ఆ లెక్కలో ఆంధ్రాకి మంచి మార్కులే వస్తాయి. మల్లెపందిరి గారి అక్క కూడా ఆ మార్కుల్లో ఒకరు. ఆపరేషన్ ఏ వయసులో అయింది, ముందు ఇంకేం చెప్పారు, తర్వాత ఎవరైనా వచ్చి చూశారా? ఇవేవీ ఆ అంకెలో కనపడవు. ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనని ఆంధ్రాలో 2024లో ఎత్తేసి, ఇంకా కనండి అంటున్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టిన ఆ నిబంధన పోవడం మంచిదే. కానీ అప్పుడు వద్దన్నా, ఇప్పుడు కావాలన్నా, అడగాల్సిన మనిషిని అడిగిందెవరు?

పాలమూరు బిడ్డ:
ఒక విషయం నేను ఒప్పుకోవాలి. 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో కు.ని. క్యాంపు పెట్టి ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు, నలుగురు చనిపోయారు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఇలాంటి క్యాంపులోనే జరిగిన చావుల తర్వాత, మూడేళ్ళలో ఇలాంటి క్యాంపులు మానేయాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. చనిపోయినవాళ్ళూ మా అమ్మలాగే పిల్లల్ని చదివించుకుందామని వెళ్ళినవాళ్ళే. చిన్న కుటుంబం వల్ల మేం బాగుపడ్డామన్న మాట మీదే ఉన్నాను. దానికి ఇంత ఖరీదు కట్టాల్సిన పని లేదు.

మల్లెపందిరి:
థాంక్స్ తమ్ముడూ. అక్క కూతురికి వచ్చే నెల పెళ్ళి. ఇరవై మూడేళ్ళు, ఉద్యోగం చేస్తోంది, రెండేళ్ళు ఆగుదామనుకుంటున్నారు ఇద్దరూ. ఏఎన్ఎం గారూ, గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేస్తారట, ఆ ఇంజెక్షన్ గురించి ఎక్కడ అడగాలి?

రిటైర్డ్ ఏఎన్ఎం:
అంతరా అంటారమ్మా. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ముందు డాక్టరుకి చూపించుకోమను, బీపీ గట్రా చూస్తారు. మొదట్లో నెలసరి తప్పొచ్చు, మధ్యమధ్యలో కనపడొచ్చు, భయపడొద్దని ఇప్పుడే చెప్పు. అది ముందే చెప్పక చాలామంది ఒక్క డోసుతో మానేశారు. మానేశాక కడుపు పండడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, అదీ చెప్పు. పెళ్ళికొడుకుని కూడా వెంట తీసుకెళ్ళమను, నిరోధ్ సంగతి అతనికీ చెప్తారు.