సోషియాలజీలో థియరీ ముందా, ఫీల్డ్‌వర్క్ ముందా?

గోడమీదపిల్లి:
పీజీ మొదటి ఏడాది నాది. సెమిస్టరంతా సోషియాలజీ మూలపురుషులే: మార్క్స్, వెబర్, డర్క్‌హైమ్. రీసెర్చ్ మెథడ్స్ పేపర్ రెండో ఏడాదిలో. ఒక్క మనిషితో మాట్లాడకుండా సమాజాన్ని చదవడమేంటి? ముందు ఫీల్డ్‌కి పంపి తర్వాత థియరీ చెప్తే పోలా?

పాతపుస్తకం:
పోదు. థియరీ లేకుండా వెళ్తే ఏం చూడాలో తెలియదు. డర్క్‌హైమ్ 1897లో ఆత్మహత్యల మీద రాసిన పుస్తకం తీసుకోండి. అది పూర్తిగా వ్యక్తిగతం అని అందరూ అనుకునే విషయం. ఆయన వేర్వేరు వర్గాల్లో ఆత్మహత్యల రేట్లు పోల్చాడు. కాథలిక్కుల కంటే ప్రొటెస్టెంట్లలో ఎక్కువ, పెళ్లయినవాళ్ల కంటే కానివాళ్లలో ఎక్కువ. మనిషికీ సమాజానికీ ముడి ఎంత గట్టిది అనే ప్రశ్న బుర్రలో ఉండబట్టే ఆ లెక్కల్లో అది కనిపించింది. లేకపోతే అవి గుమాస్తా రాసిన అంకెలే.

ప్రశ్నావళి22:
మీ డర్క్‌హైమ్ ఒక్క ఇంటి తలుపైనా తట్టాడా? ప్రభుత్వ రికార్డులు తీసుకున్నాడంతే. ఒక చావుని ఆత్మహత్య అని రాయాలా, ప్రమాదమని రాయాలా అన్నది అక్కడి అధికారి ఇష్టం. పరువు కోసం ఇంట్లోవాళ్లు దాస్తే? కాథలిక్కుల్లో తక్కువంటే నిజంగా తక్కువా, తక్కువ రాశారా? 1967లో జాక్ డగ్లస్ అనే సోషియాలజిస్టు పట్టుకున్నదీ ఈ ముక్కే.

పాతపుస్తకం:
రికార్డులతో పనిచేయడం రీసెర్చ్ కాదా?

ప్రశ్నావళి22:
అడిగింది అది కాదు. తట్టాడా లేదా?

పాతపుస్తకం:
తట్టలేదు. అయితే ఏంటి?

నిద్రమత్తు:
పరీక్షలో ఏది వస్తే అది ముందు.

నడిమిదారి:
అమెరికన్ సోషియాలజిస్టు రైట్ మిల్స్ 1959లోనే రెండు వైపులవాళ్లనీ ఉతికేశాడు. గాల్లో మేడలు కట్టే పార్సన్స్ తరహా థియరీనీ, ప్రశ్న లేకుండా అంకెలు పోగేసే సర్వేలనీ. ఇద్దరూ కాస్త తగ్గండి.

ప్రశ్నావళి22:
నేను తగ్గను. డర్క్‌హైమ్ పుస్తకం వచ్చిన రెండేళ్లకే, 1899లో, నల్లజాతి సోషియాలజిస్టు డుబాయిస్ అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నల్లజాతివాళ్ల ఇంటింటికీ తిరిగి చేసిన అధ్యయనం వచ్చింది. మరి ఆయన్ని మూలపురుషుల వరసలో చాలాకాలం ఎందుకు కూర్చోబెట్టలేదు?

పాతపుస్తకం:
అది వర్ణవివక్ష. దాన్ని థియరీకి అంటగట్టకండి. నేను చూసినంతలో, ఫీల్డ్ ఫీల్డ్ అని అరిచేవాళ్లలో సగం మంది పుస్తకం తెరవడానికి బద్ధకించేవాళ్లే.

ప్రశ్నావళి22:
బద్ధకమా? మా గైడ్ ప్రాజెక్టుకి 240 ప్రశ్నావళులు నేనే నింపాను. ఎండలో, కాలినడకన. అందులో ఒక ప్రశ్న: ‘ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?’ భర్త, భార్య, ఇద్దరూ, ఇతరములు. ఒకావిడ నన్నే తిరిగి అడిగింది, ‘ఏ నిర్ణయం?’ అని. దానికి గడి లేదు. ‘ఇతరములు’ పక్కన ఆ మాటే రాశాను. గైడ్ చూసి ‘ఇద్దరూ’కి టిక్ పెట్టమన్నారు. పేపర్ అచ్చయింది. అందులో నా పేరు లేదు, ఆవిడ మాటా లేదు. నా సొంత డిసర్టేషన్ వైవాలో మాత్రం మొదటి ప్రశ్న, ‘నీ థియరిటికల్ ఫ్రేమ్‌వర్క్ ఏది?’

నడిమిదారి:
అయ్యో.

పాతపుస్తకం:
బద్ధకం మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా సంగతీ వినండి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. క్లాసులో నోరు తెరవాలంటే చెమటలు పట్టేవి, నాకు తెలివి లేదనుకునేవాణ్ణి. సాంస్కృతిక పెట్టుబడి, అంటే చదువుకున్న ఇళ్లలో పిల్లలకి ముందే అబ్బే మాటతీరు, అలవాట్లు, వాటి గురించి ఫ్రెంచ్ సోషియాలజిస్టు బూర్ద్యూ రాసింది చదివాక అర్థమైంది, లేనిది తెలివి కాదని. థియరీని రెండో ఏడాదికి నెడితే నేను మొదటి ఏడాదే మానేసేవాణ్ణి.

ఇంకోటి. ఆవిడ అడిగిన ‘ఏ నిర్ణయం?’ ఉంది చూశారూ, 1974లో స్టీవెన్ లూక్స్ అధికారం మీద రాసిన పుస్తకం దాని చుట్టూనే. ఎవరు నిర్ణయించారన్నదొక్కటే చూస్తే చాలదు, కొన్ని సంగతులు అసలు నిర్ణయం దాకా రానివ్వకపోవడమూ అధికారమే అంటాడు.

ప్రశ్నావళి22:
అదే! లూక్స్ రాస్తే థియరీ. ఆవిడ నోటి వెంట వస్తే ‘ఇతరములు’. నేను మొదటినుంచీ అంటున్నది ఇదే.

పాతపుస్తకం:
మొదటినుంచీ మీరంటున్నది డర్క్‌హైమ్ తలుపు తట్టలేదని.

ప్రశ్నావళి22:
తట్టలేదుగా.

గోడమీదపిల్లి:
ఈ లూక్స్ ఏ సెమిస్టర్‌లో వస్తాడండీ?