1953-54 కాలేజీ ఫుట్‌బాల్ సీజన్: పాత ఫోటో, మ్యాగజైన్ రిపోర్టు, తోలు బంతి ఆధారంగా ఎలా రాయాలి?

గుత్తికోట (ప్రశ్న)
అనంతపురంలో కాలేజీ పూర్వ విద్యార్థుల సంచిక కోసం ఒక ఫుట్‌బాల్ సీజన్ గురించి రాయాలి. చేతిలో ఉన్నవి మూడే. అట్టకు అంటించిన గ్రూపు ఫోటో, అందులో బంతి మీద తెల్లరంగుతో 1953-54 అని ఉంది. కాలేజీ మ్యాగజైన్‌లో ఒకటిన్నర పేజీల క్రీడల రిపోర్టు. లేసు కట్టే పాత తోలు బంతి.

రిపోర్టులో పేర్ల పక్కన రైట్ ఇన్, లెఫ్ట్ అవుట్, సెంటర్ హాఫ్ అని ఉంది. వీటిని ఇప్పటి పేర్లలోకి మార్చాలా? లీగ్‌లో రెండు జట్లకు సమాన పాయింట్లు వస్తే "గోల్ యావరేజ్" మీద మన జట్టు పైన నిలిచిందట. గోల్స్ తేడా తీస్తే మాత్రం అవతలి జట్టుదే ఎక్కువ. అచ్చుతప్పా? బంతికి గాలి కొట్టి ప్రదర్శనలో పెట్టొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

సెంటర్‌హాఫ్
అచ్చుతప్పు కాదన్నా. అప్పట్లో తీసివేత కాదు, భాగహారం. కొట్టిన గోల్స్‌ని తిన్న గోల్స్‌తో భాగించేవాళ్లు. ఉదాహరణకు ఒక జట్టు 9 కొట్టి 3 తింటే యావరేజ్ 3. ఇంకో జట్టు 14 కొట్టి 6 తింటే 2.33. తేడా చూస్తే రెండో జట్టుకు 8, మొదటిదానికి 6. అయినా పైన నిలిచేది మొదటిదే. గోల్స్ తక్కువ తిన్న జట్టుకు ఆ పద్ధతి బాగా కలిసొచ్చేది. ప్రపంచకప్‌లో గోల్స్ తేడా 1970లో వచ్చింది. పాయింట్లు కూడా గెలుపుకి 2, డ్రాకి 1 చొప్పునే వేయండి. పట్టిక మళ్లీ కట్టేటప్పుడు చాలామంది అలవాటుకొద్దీ 3 వేస్తారు, దాంతో వరుస తారుమారవుతుంది.

ఆటగాళ్ల స్థానాలను దయచేసి మార్చొద్దు. రైట్ బ్యాక్ 2, లెఫ్ట్ బ్యాక్ 3, రైట్ హాఫ్ 4, సెంటర్ హాఫ్ 5, లెఫ్ట్ హాఫ్ 6, రైట్ అవుట్ 7, రైట్ ఇన్ 8, సెంటర్ ఫార్వర్డ్ 9, లెఫ్ట్ ఇన్ 10, లెఫ్ట్ అవుట్ 11. రైట్ ఇన్‌ని "స్ట్రైకర్" అని రాస్తే అతను చేసిన పని సగం మరుగున పడుతుంది. డబ్ల్యూ-ఎం పద్ధతిలో (జట్టు నిలబడే తీరు పైనుంచి చూస్తే ఆ రెండు ఇంగ్లీషు అక్షరాల్లా ఉంటుంది) ఇన్ ఆటగాళ్లిద్దరూ వెనక్కి దిగి బంతి అందుకుని ముందున్న ముగ్గురికి ఇవ్వాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పేర్ల జాబితా 2-3-5 వరుసలో, అంటే ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లుగా ఉన్నంతమాత్రాన ఆట కూడా అలాగే ఆడారనుకోకండి. డబ్ల్యూ-ఎం ఆడిన జట్ల జాబితా కూడా అదే వరుసలో అచ్చయ్యేది. సెంటర్ హాఫ్ గురించి రిపోర్టు ఏమంటుందో చూడండి. ఫార్వర్డ్‌లకు బంతులు బాగా అందించాడని ఉంటే పాత 2-3-5 పద్ధతి అయ్యుండొచ్చు. అవతలి సెంటర్ ఫార్వర్డ్‌ని కదలనివ్వలేదని ఉంటే అతను బ్యాక్‌లిద్దరి మధ్యకు దిగి స్టాపర్‌గా ఆడినట్టు. రెండూ లేకపోతే పద్ధతి గురించి రాయకపోవడమే మంచిది.

నిమిషాలు కూడా జాగ్రత్త. మన దేశంలో అప్పుడు 35 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు, మొత్తం 70 నిమిషాల ఆట మామూలు. 65వ నిమిషంలో గోల్ అంటే ఆట ముగింపులో పడినట్టే. పోటీ మ్యాచ్‌లలో సబ్‌స్టిట్యూట్‌లు లేరు. ఒకరికి కాలు బెణికితే 10 మందితోనే నెట్టుకురావాలి, లేదా కుంటుతూనే అతను వింగ్‌లో నిలబడాలి. మంచి జట్టు పెద్ద తేడాతో ఓడినట్టు కనిపిస్తే ముందు గాయాల సంగతి వెతకండి. ఎల్లో కార్డు, రెడ్ కార్డు మాటలు రాయొద్దు, అవి 1970 ప్రపంచకప్‌తో వచ్చినవి.

బురుజు
రికార్డులు ఎక్కడ వెతకాలో చెప్తాను. 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. అంతకుముందు మన జిల్లాల కాలేజీలు మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేవి. కాబట్టి 1953-54 అంతర్ కళాశాలల పోటీల కాగితాల కోసం తిరుపతిలో కాకుండా మద్రాసు వైపు అడగాలి. ఆ సీజన్ మధ్యలోనే, 1953 అక్టోబర్ 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాష్ట్రం మారింది కదా అని విశ్వవిద్యాలయం కూడా అదే రోజు మారినట్టు రాయకండి, ఈ పొరపాటు చాలా సంచికల్లో కనిపిస్తుంది. ఆర్ట్స్ కాలేజీ అయితే 1916లో మొదలైనప్పటి పేరు సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ, పాత కాగితాల్లో ఆ పేరుతో కూడా వెతకండి.

ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన ఆంధ్రపత్రిక సంచికలు ఉన్నాయి. పేజీలు బొమ్మల రూపంలో ఉంటాయి కాబట్టి మాట కొట్టి వెతికితే దొరకదు. మ్యాగజైన్‌లో ఉన్న తేదీ తీసుకుని ఆ తర్వాతి వారం రోజుల పేపర్లు పేజీ పేజీ తిప్పాలి.

ఫోటో విషయంలో ముందు అది తిరగబడలేదు కదా చూడండి. బంతి మీద అంకెలు సరిగా చదవగలుగుతున్నారంటే అసలు ప్రింటు బాగానే ఉంది. స్కాన్ కాపీల్లోనే అద్దంలోలా తిరగబడుతుంటాయి. అప్పుడు పేర్లన్నీ తప్పు మనుషుల కింద పడతాయి. పేర్లు ఎడమ నుంచి కుడికి వరుసల వారీగా రాయండి: నిలబడినవాళ్లు, కుర్చీల్లో ఉన్నవాళ్లు, కింద కూర్చున్నవాళ్లు. వేరే రంగు స్వెటర్‌లో ఉన్నది గోల్‌కీపర్. తరగతులు కూడా రాసుంటే ఇంకా మేలు. అప్పుడు రెండేళ్ల ఇంటర్, ఆపైన రెండేళ్ల డిగ్రీ. ఒకే ఆటగాడు నాలుగేళ్లు వరసగా జట్టులో ఉండే వీలుంది, పక్క సంవత్సరాల ఫోటోలతో పోల్చి చూస్తే పేర్లు ఖాయం చేసుకోవచ్చు.

తోలుబంతి
బంతికి గాలి కొట్టొద్దు. ఇది మాత్రం తప్పక పాటించండి. లోపలి రబ్బరు బ్లాడర్ ఇన్నేళ్లకు గట్టిపడి పెళుసెక్కి ఉంటుంది, పంపు పెడితే చీలుతుంది. అంతకంటే నష్టం తోలుకి. ఎండిన కుట్టు దారం ఒత్తిడికి తెగిందంటే పలకలు విడిపోతాయి, మళ్లీ కుడితే పాత రంధ్రాలు సాగి చిరుగుతాయి.

చేయాల్సింది ఇది. మెత్తటి పొడి బ్రష్‌తో కుట్ల వెంట దుమ్ము దులపండి. తడిగుడ్డ వద్దు, తెల్ల అక్షరాలు లేస్తాయి. లేసు వదులుగా వస్తేనే విప్పండి, బిగుసుకుని ఉంటే ముట్టుకోవద్దు. విప్పగలిగితే బ్లాడర్‌ని లాగకుండా, లేసు కింద తోలుకి ఉన్న చీలికలోంచి ఉతికిన తెల్ల నూలుగుడ్డ ముక్కలు కొద్దికొద్దిగా కూరండి. బంతి చుట్టుకొలత నిబంధన ప్రకారం 27 నుంచి 28 అంగుళాలు. మీరు 26 దగ్గర ఆపేయండి, ఆకారం వస్తే చాలు. కొబ్బరినూనె, ఆముదం పూయొద్దు. తోలు నల్లబడుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. ముట్టుకుంటే ఎర్రపొడి రాలుతుంటే తోలు లోపలే చెడిపోయినట్టు, అప్పుడు ఏమీ చేయకుండా పెట్టెలో పెట్టండి. ఎండ పడే కిటికీ పక్కన మాత్రం వద్దు.

ప్రదర్శన కార్డు మీద రాయడానికి: ఆట మొదలయ్యేటప్పుడు బరువు 14 నుంచి 16 ఔన్సులు ఉండాలి. వాన పడితే తోలు నీరు పీల్చి ఆ బరువు దాటిపోయేది, నిబంధన మాత్రం మొదటి బరువుకే. గాలి పట్టే తీరు ఇలా ఉండేది. బ్లాడర్‌ని చీలిక గుండా లోపలికి దూర్చి, మడత లేకుండా వేళ్లతో సర్దాలి. కొంచెం గాలి కొట్టి, తోలు నాలుకని చీలిక కింద పరచాలి. తర్వాత పూర్తిగా కొట్టి, బ్లాడర్ గొట్టాన్ని మడిచి దారంతో కట్టి లోపలికి తోసి, లేసింగ్ సూదితో లేసు బిగించాలి. నాలుక పక్కకి జరిగితే లేసు రాపిడికి బ్లాడర్ చిల్లు పడుతుంది. లేసు ఉబ్బుగా ఉంటే హెడ్ చేసినవాడి నుదురు గీసుకుంటుంది. మన గరుసు నేల మీద కుట్టు దారం త్వరగా అరుగుతుంది, మీ బంతి మీద వేరే రంగు దారం కుట్లు కనిపిస్తే అవి మరమ్మతు చేసినవి. వాటిని చెరపకండి, ఫోటో తీసి పెట్టండి.

గుత్తికోట
చాలా సంతోషం. లేసు బిగుసుకునే ఉంది, అలాగే వదిలేస్తాను. ఇంకొకటి. ఫోటోలో ఇద్దరు బూట్లు లేకుండా ఉన్నారు. దాన్నిబట్టి సంవత్సరం తప్పనుకోవాలా?

సెంటర్‌హాఫ్
అనక్కర్లేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవాళ్లు 10-1తో ఓడారు, చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ తర్వాతే ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. అది ప్రతి జిల్లా కాలేజీ మైదానానికీ వెంటనే చేరిందని అనుకోలేం. పైగా గ్రూపు ఫోటోకి వేసుకున్నదీ మ్యాచ్‌లో వేసుకున్నదీ ఒకటే కానక్కర్లేదు. బంతి మీద అంకెనే నమ్మండి, క్యాప్షన్‌లో "ఇద్దరు బూట్లు లేకుండా" అని ఉన్నది ఉన్నట్టు రాయండి.