ఉబుంటులో కీపాస్‌ఎక్స్‌సీ ఎక్స్‌టెన్షన్ ఫైర్‌ఫాక్స్‌తో కలవడం లేదు, నాన్న మళ్ళీ డైరీకే వెళ్ళిపోయారు

పల్నాటి_పెంగ్విన్:

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా దీంతోనే కూర్చున్నాను, ఇక నా వల్ల కాక అడుగుతున్నా.

నాన్న లాప్‌టాప్ పాతది. విండోస్ 11 దానికి ఎక్కదు, విండోస్ 10కి చూస్తే 2025 అక్టోబరు 14తో సపోర్టు అయిపోయింది, అందుకని పోయినసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఉబుంటు 24.04 (విండోస్ బదులు వాడే లినక్స్) వేసి వచ్చాను. లాప్‌టాప్ హాయిగా నడుస్తోంది, వైఫై, ప్రింటర్ మొదటిరోజే పట్టేశాయి. ఇబ్బందల్లా పాస్‌వర్డ్‌ల దగ్గరే.

నాన్న రిటైర్డ్ టీచరు, 68 ఏళ్ళు. పాస్‌వర్డ్‌లన్నీ ఒక పాత డైరీలో రాసుకుంటారు, అన్నిటికీ దాదాపు ఒకటే పాస్‌వర్డ్, చివర అంకె ఒక్కటి మారుతుంది. రెండు నెలల క్రితం "ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే బిల్లు కట్టండి" అని మెసేజ్ వస్తే నిజమే అనుకుని అందులో లింకు నొక్కి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టేసి, ఆ తర్వాత అనుమానం వచ్చి నాకు ఫోన్ చేశారు. అదృష్టం బాగుండి డబ్బేమీ పోలేదు. కానీ ఆ రాత్రి ఇద్దరం ఫోన్‌లోనే కూర్చుని పదకొండు సైట్ల పాస్‌వర్డ్‌లు మార్చాం, ఆయన గొంతులో వణుకు నాకు ఇంకా గుర్తుంది. పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ తాళం వేసి దాచే ప్రోగ్రాం) పెట్టి తీరాలని అప్పుడే అనుకున్నా.

కీపాస్‌ఎక్స్‌సీ ఎంచుకున్నాను, ఫైల్ మన దగ్గరే ఉంటుంది, నెలనెలా కట్టే పని లేదు. ఉబుంటు యాప్ సెంటర్ నుంచి వేశాను, ఫైర్‌ఫాక్స్ ఉబుంటుతో వచ్చినదే, దాంట్లో కీపాస్‌ఎక్స్‌సీ నుంచి పాస్‌వర్డ్ తెచ్చి గడి నింపే ఎక్స్‌టెన్షన్ కూడా వేశాను. కానీ ఎక్స్‌టెన్షన్ మాత్రం కీపాస్‌ఎక్స్‌సీకి కనెక్ట్ కాలేకపోతున్నానని చెబుతూనే ఉంది. సెట్టింగ్స్‌లో బ్రౌజర్ ఇంటిగ్రేషన్ టిక్ ఉంది, డేటాబేస్ (పాస్‌వర్డ్‌లున్న ఫైల్) తెరిచే ఉంది, తీసేసి మళ్ళీ నాలుగుసార్లు వేశాను.

ఇప్పుడు నాన్న ఏం చేయాలంటే కీపాస్‌ఎక్స్‌సీ తెరవాలి, పాస్‌వర్డ్ కాపీ చేయాలి, బ్రౌజర్‌కి వచ్చి పేస్ట్ చేయాలి. కాపీ చేసింది పది సెకన్లలో చెరిగిపోతుంది. ఆయన మౌస్ కదిపి, కిటికీ మార్చుకుని, పాస్‌వర్డ్ గడి వెతుక్కునేసరికి అక్కడ ఏమీ ఉండదు. మూడుసార్లు అలా అయ్యాక ఏమీ అనకుండా మళ్ళీ డైరీ తీశారు. అది చూసి నాకు చాలా బాధేసింది.

దీనికి దారేమైనా ఉందా, లేక ఇంకో మేనేజర్‌కి మారమంటారా?

రూట్‌యూజర్_వరంగల్:

అన్నా, మీరు చేసిన దాంట్లో తప్పేం లేదు. ఇలా బ్రౌజర్ బయట నడిచే ఇంకో మేనేజర్‌కి మారినా ఇదే గొడవ వేరే రూపంలో రావచ్చు, ఎందుకంటే చిక్కు రెండు ప్రోగ్రాముల మధ్య ఉన్న గోడ దగ్గర ఉంది.

బ్రౌజర్‌లోని ఎక్స్‌టెన్షన్ బయటి ప్రోగ్రాంతో నేరుగా మాట్లాడలేదు. నేటివ్ మెసేజింగ్ అని ఒక పద్ధతి ఉంది. మీ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే మొజిల్లా ఫోల్డర్ ఉంటుంది, దాని లోపల నేటివ్ మెసేజింగ్ హోస్ట్స్ అనే ఫోల్డర్‌లో కీపాస్‌ఎక్స్‌సీ ఒక చిన్న జేసన్ ఫైల్ (మామూలు అక్షరాల్లో ఉండే సమాచార ఫైల్) రాసి పెడుతుంది. "నా తరఫున మాట్లాడే ప్రాక్సీ ఫలానా చోట ఉంది" అని మాత్రమే అందులో ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ ఆ ఫైల్ చదివి ప్రాక్సీని నడిపిస్తుంది, ఇద్దరి మాటలూ దాని ద్వారానే నడుస్తాయి.

ఇప్పుడు ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా వస్తుంది. స్నాప్ అంటే ప్రోగ్రాంని తన గదిలో పెట్టి తలుపు వేసినట్టు, బయటి ప్రోగ్రాములను అది తనంతట తాను నడపలేదు. భద్రతకి ఇది మంచిదే. కాకపోతే 2022 ఏప్రిల్‌లో ఉబుంటు 22.04 వచ్చినప్పుడు ఈ నేటివ్ మెసేజింగ్‌కి తలుపు పెట్టలేదు, చాలామందికి ఎక్స్‌టెన్షన్లు ఒక్కసారిగా మూగబోయాయి. తర్వాత పోర్టల్ అని ఒక దారి వచ్చింది. అది అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది, ఎక్స్‌టెన్షన్ బయటికి కబురు పంపబోతే "వీళ్ళని పంపమంటారా" అని మిమ్మల్ని ఒకసారి అడుగుతుంది. ఆ ప్రశ్నకి ఒక్కసారి వద్దు అని నొక్కితే అది గుర్తుపెట్టుకుని ఇక అడగదు. మీ దగ్గర కీపాస్‌ఎక్స్‌సీ కూడా స్నాపే అయ్యుంటుంది, అంటే రెండు గదులు, రెండు తలుపులు.

నేనైతే ఇలా చేస్తాను. ముందు డేటాబేస్ ఫైల్‌ని డాక్యుమెంట్స్‌లోకి కాపీ చేసుకోండి, ఇది మాత్రం దయచేసి మర్చిపోవద్దు, అది స్నాప్ సొంత ఫోల్డర్‌లో ఉంటే స్నాప్‌తో పాటే పోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత స్నాప్ కీపాస్‌ఎక్స్‌సీ తీసేసి, టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీ) ఆప్ట్ అనే కమాండ్ ద్వారా మామూలు డెబ్ ప్యాకేజీ, అంటే స్నాప్‌లా గదిలో పెట్టనిది, వేయండి. తెరిచి బ్రౌజర్ ఇంటిగ్రేషన్‌లో ఫైర్‌ఫాక్స్ టిక్ చేయండి, నేను పైన చెప్పిన ఫోల్డర్‌లో జేసన్ ఫైల్ పడిందో లేదో చూడండి (ఫైల్స్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే చుక్క ఫోల్డర్లు కనబడతాయి). ఫైర్‌ఫాక్స్ పూర్తిగా మూసి తెరవండి. అనుమతి అడిగితే సరే అనండి. అడగకపోతే పాత "వద్దు" ఎక్కడో నిలిచిపోయినట్టే, ఫ్లాట్‌పాక్ (స్నాప్ లాంటిదే ఇంకో పద్ధతి) వేసుకుని దాని పర్మిషన్ కమాండ్‌తో వెబ్‌ఎక్స్‌టెన్షన్స్ పట్టిక చూడండి, పేరుకి ఫ్లాట్‌పాక్ అయినా స్నాప్ ఫైర్‌ఫాక్స్ అనుమతి కూడా అక్కడే ఉంటుంది.

అప్పటికీ కాకపోతే మొజిల్లా వాళ్ళ సొంత ఆప్ట్ రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే చోటు) ఉంది, 2024 జనవరి నుంచి మామూలు ఫైర్‌ఫాక్స్ డెబ్‌గా ఇస్తున్నారు. దానికి ప్రాధాన్యం ఇచ్చే ప్రిఫరెన్స్ ఫైల్ కూడా పెట్టండి, లేకపోతే అప్‌డేట్‌లో మళ్ళీ స్నాప్ వచ్చి కూర్చుంటుంది. ప్రొఫైల్ చోటు మారుతుంది కాబట్టి నాన్నగారి బుక్‌మార్కులు వాటంతట అవి రావు, ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

డల్లాస్_డెబియన్:

నాది వేరే మాట. అసలు ఎక్స్‌టెన్షన్ ఎందుకండీ? బ్రౌజర్ అంటేనే ముక్కూమొహం తెలియని సైట్ల కోడ్ నడిచే చోటు, అక్కడికి పాస్‌వర్డ్‌లు తీసుకెళ్ళడం నాకు మొదటి నుంచీ నచ్చదు. 2025 ఆగస్టులో డెఫ్‌కాన్ 33 హ్యాకర్ల సమావేశంలో మారెక్ తోత్ అనే పరిశోధకుడు ఎక్స్‌టెన్షన్ క్లిక్‌జాకింగ్ చూపించాడు. పేరున్న పాస్‌వర్డ్ మేనేజర్ల ఎక్స్‌టెన్షన్లు పేజీలో చూపించే చిన్న పెట్టెని కంటికి కనబడకుండా చేసి, మనం కుకీ బ్యానర్ ఏదో మూస్తున్నామనుకుని నొక్కితే ఆ నొక్కు వెళ్ళి దాని మీద పడేలా చేశాడు. అది చదివిన రోజే నేను తీసేశాను.

కీపాస్‌ఎక్స్‌సీలో ఆటో టైప్ (పాస్‌వర్డ్‌ని కిటికీలో తనే టైప్ చేసేది) ఉంది కదా, అదే వాడుతున్నా. కాకపోతే అది తెర మీద కిటికీలు నడిపే పాత పద్ధతి ఎక్స్11 మీద మాత్రమే సరిగ్గా పనిచేస్తుంది, కొత్తదైన వేలాండ్‌లో ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం కిటికీలో టైప్ చేయడం కుదరదు. 24.04లో లాగిన్ దగ్గర పళ్ళచక్రం గుర్తు నొక్కి ఎక్స్‌ఆర్గ్ (అంటే ఎక్స్11) ఎంచుకోవచ్చు. ఉబుంటు 25.10 నుంచి గ్నోమ్ (ఉబుంటు డెస్క్‌టాప్)లో ఆ ఎక్స్‌ఆర్గ్ సెషన్ తీసేశారు, కాబట్టి మారేముందు ఆలోచించుకోండి.

ఇంకొకటి, డెబియన్ (ఇంకో లినక్స్) వాడేవాళ్ళ కోసం. డెబియన్ 13లో కీపాస్‌ఎక్స్‌సీ ఫుల్ అనీ మినిమల్ అనీ రెండు ప్యాకేజీలున్నాయి. మినిమల్‌లో బ్రౌజర్ ఇంటిగ్రేషన్ అసలు ఉండదు. సెట్టింగ్స్‌లో ఆ ట్యాబే కనబడకపోతే జుట్టు పీక్కోకుండా ఫుల్ వేసుకోండి.

రూట్‌యూజర్_వరంగల్:

బ్రో, మీకు అది సరిపోతుంది, కాదనను. కానీ వాళ్ళ నాన్నగారి విషయంలో మాత్రం ఒప్పుకోలేను. ఆటో టైప్ చూసేది కిటికీ పైన ఉన్న పేరుని, ఆ పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు. దొంగ సైటు తన పేజీకి కరెంటు ఆఫీసు పేరు పెట్టుకుంటే ఆటో టైప్ పాస్‌వర్డ్ తీసుకెళ్ళి అక్కడే కొడుతుంది. కాపీ పేస్ట్ అయితే అదీ చూడదు. ఎక్స్‌టెన్షన్ ఒక్కటే అడ్రస్ చూస్తుంది. అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది గమ్మున కూర్చుంటుంది. ఆ రోజు మెసేజ్ వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్ ఉండుంటే పెద్దాయనకి గడి ఖాళీగా కనబడేది, "ఇదేంటి, రోజూ వచ్చేది ఇవాళ రాలేదు" అని అక్కడే ఆగేవారు. ఆయనకి కావలసిన రక్షణ అదే కదా.

క్లిక్‌జాకింగ్ భయం నిజమే. అందుకే ఎక్స్‌టెన్షన్‌ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి, పేజీ తెరవగానే దానంతట అదే నింపేసే సెట్టింగ్ ఆన్ చేయకూడదు. నాన్నగారే నొక్కి నింపుకోవాలి.

తెలుగు_లేఅవుట్:

పల్నాటి_పెంగ్విన్ గారూ, కనెక్షన్ సంగతి తేలేదాకా ఒక చిన్న పని చేయండి. కీపాస్‌ఎక్స్‌సీ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద క్లిప్‌బోర్డ్ (కాపీ చేసింది ఉండే చోటు) చెరిపే సమయం మార్చుకోవచ్చు. పదిని ముప్పై చేయండి, పెద్దవాళ్ళకి ఆ ఇరవై సెకన్లు చాలా తేడా. అయితే క్లిప్‌బోర్డ్ హిస్టరీ దాచే గ్నోమ్ ఎక్స్‌టెన్షన్ ఏదైనా వేసి ఉంటే తీసేయండి, పాస్‌వర్డ్‌లు అందులో మిగిలిపోవచ్చు.

నాన్నగారు తెలుగులో టైప్ చేస్తారా? మా అమ్మ చేస్తుంది. ఒకరోజు మాస్టర్ పాస్‌వర్డ్ (డేటాబేస్ తెరిచేది) తప్పు అంటోందని ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది, తను సరిగ్గానే కొడుతున్నానంటుంది, నాకేమో ఎక్కడో ఫైల్ పాడైందని టెన్షన్. గంట తర్వాత తేలిందేంటంటే అంతకుముందు వాట్సాప్ వెబ్‌లో తెలుగు కొట్టింది, కీబోర్డు లేఅవుట్ తెలుగులోనే ఉండిపోయింది. గడిలో చుక్కలే కనబడతాయి కాబట్టి ఏ లిపిలో పడుతోందో తెలిసే వీలే లేదు. కీపాస్‌ఎక్స్‌సీలో పక్కన కన్ను బొమ్మ ఉంటుంది, అది నొక్కితే అక్షరాలు కనబడతాయి. సూపర్ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కలిపి నొక్కితే లేఅవుట్ మారుతుంది. గ్నోమ్ కీబోర్డు సెట్టింగ్స్‌లో ఒక్కో కిటికీకి విడిగా లేఅవుట్ గుర్తుపెట్టుకునే ఎంపిక ఉంది, నేను అది పెట్టాక అమ్మకి మళ్ళీ ఆ ఇబ్బంది రాలేదు.

పల్నాటి_పెంగ్విన్:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పని అయింది!

నిన్న రాత్రి నాన్నతో వీడియో కాల్‌లో కూర్చుని డేటాబేస్ కాపీ చేయించి, స్నాప్ తీసి డెబ్ వేయించాను. జేసన్ ఫైల్ పడింది, అయినా కనెక్ట్ కాలేదు, అనుమతి కూడా అడగలేదు. రూట్‌యూజర్ అన్న చెప్పినట్టు పర్మిషన్ల పట్టిక చూస్తే అక్కడ కీపాస్‌ఎక్స్‌సీ ఎదురుగా "నో" అని ఉంది. నాన్నని అడిగితే అప్పుడు చెప్పారు, నేను ఊరికి వచ్చేసిన మర్నాడు ఇంగ్లీషులో ఏదో అడిగిందట, వద్దు అని నొక్కారట. కరెంటు మెసేజ్ తర్వాత నేనే చెప్పాను కదా, తెలియనిది ఏది అడిగినా వద్దు అనండి నాన్నా అని. ఆయన అక్షరాలా అదే చేశారు. ఇన్నాళ్ళూ నేను ఎక్స్‌టెన్షన్‌ని తీసి వేస్తూ ఉన్నాను. ఆ "నో" చెరిపేసి ఫైర్‌ఫాక్స్ మళ్ళీ తెరిస్తే అడిగింది, సరే అన్నారు, పచ్చగా వెలిగింది.

ఆయన తెలుగు కూడా కొడతారు, లేఅవుట్ సెట్టింగ్ మార్చేశాను. లాప్‌టాప్ మూత మూస్తే డేటాబేస్ లాక్ అయ్యేలా కూడా పెట్టాను.

ఒక్కటి మిగిలింది. ఆయన పెన్షన్ పడే బ్యాంకు సైటు. మొదటి పేజీలో యూజర్ ఐడీ, రెండో పేజీలో పాస్‌వర్డ్, పేస్ట్ చేయనివ్వదు, తెర మీద ఒక కీబోర్డు చూపిస్తుంది. ఎక్స్‌టెన్షన్ గడినే గుర్తుపట్టడం లేదు.

రూట్‌యూజర్_వరంగల్:

ఎక్స్‌టెన్షన్ బొమ్మ నొక్కితే లాగిన్ గడులను మనమే ఎంచుకునే ఎంపిక ఉంటుంది, కస్టమ్ లాగిన్ ఫీల్డ్స్ అని. మొదటి పేజీలో యూజర్ ఐడీ గడి చూపించి సేవ్ చేయండి, రెండో పేజీలో పాస్‌వర్డ్ గడి. రెండో పేజీ అడ్రస్ వేరే అయితే కీపాస్‌ఎక్స్‌సీలో ఆ ఎంట్రీ తెరిచి బ్రౌజర్ ఇంటిగ్రేషన్ కింద రెండో అడ్రస్ కూడా కలపండి. పేస్ట్ ఆపేసిన సైట్లలో కూడా ఎక్స్‌టెన్షన్ నింపడం చాలాసార్లు పనిచేస్తుంది, ఎందుకంటే అది పేస్ట్ చేయదు, నేరుగా గడిలో విలువ పెడుతుంది. తెర మీది కీబోర్డు తప్ప దేన్నీ ఒప్పుకోని సైటు అయితే మాత్రం దారి లేదన్నా, కీపాస్‌ఎక్స్‌సీ కిటికీ పక్కన పెట్టుకుని చూసి నొక్కుకోవాల్సిందే. అలాంటప్పుడు ఆ ఒక్కదానికి గుర్తుల గందరగోళం లేకుండా, చదవడానికి తేలికైన పొడుగు పాస్‌వర్డ్ పెట్టండి, బ్యాంకు ఒప్పుకున్నంత వరకు.

డేటాబేస్ ఫైల్ ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?

పల్నాటి_పెంగ్విన్:

గడులు ఎంచుకున్నాక రెండు పేజీల్లోనూ నిండుతోంది అన్నా, ఇప్పుడే నాన్న లాగిన్ అయి చూపించారు. కాపీ లేదు, ఆదివారం పెన్‌డ్రైవ్ తీసుకుని ఊరెళ్తున్నా.