గ్రీన్‌ల్యాండ్ ఐస్ పెరుగుతోందా, తరుగుతోందా? ఏ లెక్క నమ్మాలి?

తూర్పుగాలి:
డెన్మార్క్ వాళ్లు నడిపే పోలార్ పోర్టల్ అనే వెబ్‌సైట్‌లో గ్రీన్‌ల్యాండ్ ఐస్ గ్రాఫ్ చూశాను. సెప్టెంబర్ 1న సున్నాతో మొదలవుతుంది, చలికాలమంతా పైకి పోతుంది, ఎండలు ముదిరాక కిందికి దిగుతుంది, అయినా ఆగస్టు 31కి సగటున 370 గిగాటన్నుల (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు) దగ్గర ప్లస్‌లోనే తేలుతుంది. అంటే ఏటా ఐస్ చేరుతోందనేగా? మళ్లీ నాసా వాళ్లు చూస్తే ఏటా 270 గిగాటన్నుల దాకా పోతోందంటారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయండీ? నాకైతే ఇదంతా భయపెట్టడానికి చెప్తున్నట్టే ఉంది.

నీలిమంచు:
రెండూ నిజమే, కానీ మీరు చూసింది సగం పద్దు. ఆ గ్రాఫ్ పైభాగం లెక్క మాత్రమే, అంటే పడిన స్నోలోంచి కరిగి సముద్రంలోకి పారిపోయిన నీళ్లు తీసేస్తే మిగిలింది. అది ప్లస్‌లో ఉండాలి కూడా, ఎందుకంటే అంచుల్లో గ్లేసియర్లు (మెల్లగా జారే ఐస్ నదులు) సముద్రంలోకి నెట్టుకుంటూ వచ్చి ఐస్‌బర్గులుగా విరిగిపడేది ఏడాదికి సుమారు 500 గిగాటన్నులు, అది ఆ గ్రాఫ్‌లో లేదు. జమ చూసి ఖర్చు చూడకుండా ఇల్లు బాగా నడుస్తోంది అన్నట్టుంది ఇది. జమ 370 (అది పాత సగటు, ఈమధ్య ఏళ్లలో అంతకంటే తక్కువే), ఖర్చు 500, పైగా ఐస్ షీట్ (నేలను కప్పేసిన మొత్తం ఐస్ పలక) అడుగున కరిగేది కొంత. ఇప్పుడు కలిపి చూడండి. (ఒక గిగాటన్ను నీళ్లంటే ఒక ఘన కిలోమీటర్. 360 గిగాటన్నులు సముద్రంలో కలిస్తే ప్రపంచమంతా నీటిమట్టం 1 మిల్లీమీటర్ పెరుగుతుంది.)

రాళ్లదారి:
జమాఖర్చు వరకు ఒప్పుకుంటా. నా అభ్యంతరం వేరే. ఆ 270 అనేది గ్రేస్ అనే జంట శాటిలైట్ల లెక్క కదా, అవి ఐస్‌ని చూడవు, బరువుని చూస్తాయి. గురుత్వాకర్షణ కొలిచి దాన్నుంచి ఐస్ ఎంతో రాబడతారు. కింద రాతి నేల కూడా పాత ఐస్ ఏజ్ బరువు పోయినచోట ఇంకా కదుల్తూనే ఉంది, దాన్ని మోడల్‌తో తీసేయాలి, ఆ మోడల్ తప్పితే జవాబూ తప్పుతుంది. పైగా 2002లో మొదలైన గ్రేస్ 2017లో ఆగిపోయింది, తర్వాతి జంట 2018 మేలో గానీ పైకి పోలేదు, మధ్యలో నెలల తరబడి ఖాళీ. 300 కిలోమీటర్ల కంటే చిన్న చోటు అయితే అవి సరిగ్గా విడదీయలేవు. ఇంకోటి, 2016-17లోనూ 2017-18లోనూ స్నో బాగా పడి నష్టం బాగా తక్కువగా వచ్చింది, దాని గురించి మాత్రం ఎవరూ గట్టిగా మాట్లాడరు.

నీలిమంచు:
మంచి పాయింట్లండీ, ఒక్కోటి చెప్తా. ముందు ఆ కొలత ఎలా ఉంటుందో ఊహించుకోండి, రెండు శాటిలైట్లు ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో పోతుంటాయి, ముందుది బరువైన ఐస్ దగ్గరికి రాగానే కొంచెం ముందుకి లాగబడుతుంది, ఎడం పెరుగుతుంది, తర్వాత వెనకది కూడా లాగబడి ఎడం తగ్గుతుంది, ఆ తేడా తల వెంట్రుక మందంలో చిన్న వంతు, దాన్ని పట్టుకుంటాయి. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నేల కదలిక సర్దుబాటు గురించి మీరన్నది అంటార్కిటికాకి పెద్ద సమస్యే, అక్కడ సర్దుబాటే నష్టమంత ఉంటుంది. గ్రీన్‌ల్యాండ్‌లో అది నష్టం ముందు చిన్నది.

అన్నిటికంటే ముఖ్యం, గ్రేస్ ఒక్కటే సాక్షి కాదు. ఎత్తు కొలిచేవి వేరే ఉన్నాయి, 2010లో వెళ్లిన క్రయోశాట్-2 రాడార్‌తో, 2018లో వెళ్లిన ఐస్‌శాట్-2 లేజర్‌తో. వాటి తిప్పలు వాటివి, ఎత్తు ఒక మీటరు తగ్గితే అది గట్టి ఐసా లేక కుదించుకుపోయిన మెత్తటి స్నోనా తేల్చాలి, బరువులో మూడింతల తేడా వస్తుంది మరి. మూడోది గ్లేసియర్ల వేగం, మందం కొలిచి జమలోంచి ఖర్చు తీసేసే పద్ధతి. మూడిటి తప్పులూ మూడు రకాలు, అయినా మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. వీటిని కలిపి చూసిన ఇంబీ (IMBIE) అనే అంతర్జాతీయ శాస్త్రవేత్తల టీమ్ 2020లో అచ్చేసిన లెక్క ప్రకారం 1992 నుంచి 2018 దాకా పోయింది సుమారు 3,900 గిగాటన్నులు, సముద్రమట్టంలో దాదాపు 11 మిల్లీమీటర్లు. మీరు చెప్పిన ఆ రెండు మంచి సంవత్సరాల్లో చాలా భాగం కూడా అందులోనే ఉంది.

చలిపొద్దు:
మధ్యలో వస్తున్నా. నేను రోజూ ఆ ఎర్ర రంగు మ్యాప్ చూస్తా, ఇవాళ ఎంత భాగం కరుగుతోందని చూపించేది. 2012 జులైలో ఒక రోజు దాదాపు 97 శాతం ఎర్రబడిపోయింది. అలాంటి రోజు రాకపోతే ఆ ఏడాది పర్లేదనుకోవచ్చా?

నీలిమంచు:
అనుకోకూడదు, నేనూ మొదట్లో అలాగే మోసపోయా. ఆ మ్యాప్ "ఇక్కడ పైపొర తడిసింది" అని చెప్తుంది గానీ ఎంత నీరు సముద్రానికి పోయిందో చెప్పదు. ఎత్తైన మధ్యభాగంలో తడిసిన నీరు కింద స్నోలోకి ఇంకి మళ్లీ గడ్డకట్టేస్తుంది, బరువు ఎక్కడికీ పోలేదు. 2019లో మ్యాప్ అంత ఎర్రబడలేదు, కానీ ఆ సంవత్సరం నష్టం 532 గిగాటన్నులు, 2012 కంటే ఎక్కువ. చలికాలం స్నో తక్కువ పడింది, వేసవిలో మబ్బు లేని ఎండ, పడమటి అంచున తెల్లటి పొర తొందరగా పోయి కింది పాత ఐస్ బయటపడిపోయింది. కొత్త స్నో ఎండలో 80 శాతం పైగా తిప్పికొడుతుంది, పాత ఐస్ సగం దగ్గర ఆగుతుంది, నాచూ దుమ్మూ పట్టి నల్లబడినచోట ఇంకా తక్కువ. అక్కడ ఫొటోలు చూడండి, ఐస్ బూడిదరంగులో ఉంటుంది, నిండా గుండ్రటి గుంతలు, ప్రతి గుంత అడుగున చిటికెడు నల్ల దుమ్ము, ఆ దుమ్మే వేడెక్కి తన కింద తనే గొయ్యి తవ్వుకుంది. అలాంటి చోట ఐస్‌లోకి డ్రిల్ చేసి దింపిన పోల్ జూన్‌లో మోకాలెత్తు కనిపిస్తే ఆగస్టుకి మనిషిని దాటి నిలబడుతుంది. శాటిలైట్ మీద నమ్మకం లేనివాళ్లు కనీసం ఆ పోల్‌ని నమ్మండి!

రాళ్లదారి:
సరే, మొత్తంగా తరుగుతోందన్నది ఒప్పుకున్నా, మూడు పద్ధతుల మాట నాకు బాగా ఎక్కింది. కానీ పడమటి తీరంలోని జాకబ్స్‌హావన్ గ్లేసియర్ సంగతి చెప్పరే? 2016 నుంచి రెండు మూడేళ్లు అది నెమ్మదించి, ముందుభాగం మందం కూడా పెరిగింది. దాన్ని ఏమంటారు?

నీలిమంచు:
జరిగింది, దాచాల్సిందేం లేదు. ఆ గ్లేసియర్ ముందున్న ఫియోర్డ్‌లోకి (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపాయ) వచ్చే సముద్రపు నీరు చల్లబడింది, గ్లేసియర్ కుదుటపడింది, నీరు మళ్లీ వేడెక్కగానే మళ్లీ ఊపందుకుంది. నాకైతే అది ఊరట కాదండీ, ఆ నీటి వేడికి ఇంత పెద్ద గ్లేసియర్ ఎంత త్వరగా స్పందిస్తుందో చూపించింది. ఇంకా చెప్పాలంటే అప్పుడు కూడా అది సముద్రంలోకి పోసేది పైన పడే స్నో కంటే ఎక్కువే.

రాళ్లదారి:
మీ మాట కాదనను. కానీ ఒక్క వేడి వేసవి రాగానే అంతా అయిపోయిందని రాసేవాళ్లనీ మీరు ఇలాగే ఆపాలి. ఒక్క ఏడాది 532, ఇంకో ఏడాది చాలా తక్కువ, ఇంత ఊగేదాంట్లో ఒక సీజన్ చూసి ఏ వైపూ తీర్పు చెప్పకూడదు.

నీలిమంచు:
దీని మీద మనిద్దరిదీ ఒకే మాట. 2021 ఆగస్టు 14న ఐస్ షీట్ నడినెత్తిన 3,200 మీటర్ల ఎత్తులో ఉన్న సమ్మిట్ స్టేషన్ అనే పరిశోధన కేంద్రం దగ్గర వాన పడింది, అక్కడ వాన చూడటం అదే మొదటిసారి, నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు, అయినా ఆ సీజన్ మొత్తం నష్టం రికార్డుకి దగ్గరగా కూడా రాలేదు.

తూర్పుగాలి:
మొదట భయపెట్టడానికే అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే వచ్చే సీజన్‌లో ఆ గ్రాఫ్ చూసేటప్పుడు దేని మీద కన్నేయాలి?

నీలిమంచు:
జూన్‌లో పడమటి అంచున స్నో ఎప్పుడు పోయి పాత ఐస్ బయటపడుతోందో చూడండి. ఆగస్టు 31న వచ్చే అంకెలోంచి ఒక 500 తీసేసి చదవండి. గ్రేస్ నెలవారీ డేటా కొంచెం ఆలస్యంగా వస్తుంది, వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం, నేను ఇక్కడే ఉంటా.